ఇంగ్లీషు వాక్యాలను కలిపేటప్పుడు తెలుగు ఎక్కడ అడ్డు వస్తుంది?

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. బీటెక్ పూర్తిచేసి, ఇప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. రాత పరీక్షలో ఈమెయిల్ రాయమంటే పొడి పొడి వాక్యాలే వస్తున్నాయి, కలిపితే తప్పులు పడుతున్నాయి. కోచింగ్‌లో చేరమంటారా?

జవాబు: మీరు పంపిన రెండు ఈమెయిళ్లూ శ్రద్ధగా చదివాను. "ఆల్దో ఐ వాజ్ సిక్, బట్ ఐ అటెండెడ్", "ఇఫ్ ఐ విల్ గెట్ ద జాబ్" వంటి తప్పులు మీ అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు, తెలుగు వాక్యపు అమరిక ఇంగ్లీషులోకి దిగడం వల్ల వచ్చినవి.

"వర్షం వస్తే", "వర్షం వచ్చినా" అన్నప్పుడు ఉపవాక్యాన్ని ప్రధాన వాక్యంతో కలిపేది క్రియ చివరి ప్రత్యయమే, ఆ క్రియకు సొంతంగా కాలం ఉండదు. మీ చుట్టూ వినిపించే కన్నడంలోనూ "మళె బందరె", "మళె బందరూ" అని ఇదే పద్ధతి కనుక, మీ కన్నడ మిత్రులకూ ఈ చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లీషులో కలిపే మాట ఉపవాక్యానికి ముందు నిలుస్తుంది, ఆ ఉపవాక్యానికి సొంత కర్త, కాలం తెలిపే సొంత క్రియ ఉండాలి. ఆ కాలం ఏదన్న దగ్గరే మీరు తడబడుతున్నారు: సమయాన్నో షరతునో తెలిపే ఇఫ్, వెన్, అంటిల్, అన్‌లెస్ తర్వాత, విషయం రేపటిదైనా, సాధారణంగా వర్తమాన క్రియే వస్తుంది కాబట్టి "ఇఫ్ ఐ గెట్ ద జాబ్, ఐ విల్ జాయిన్" అని రాయాలి. అన్‌లెస్‌లో "లేకపోతే" అన్న అర్థం ముందే ఉంది, దాని పక్కన మళ్ళీ నాట్ చేర్చకండి.

"ఎందుకంటే జ్వరం వచ్చింది కాబట్టి" అని మనం రెండు మాటలు వాడినా వినేవారికి ఎబ్బెట్టుగా ఉండదు, ఇంగ్లీషు మాత్రం ఒక్క మాటనే ఒప్పుకుంటుంది. ఆల్దో ఉంటే బట్ వద్దు, బికాజ్ ఉంటే సో వద్దు. ఉపవాక్యం ముందు వస్తే దాని చివర కామా పెట్టండి.

కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఒక నెల బికాజ్, ఇఫ్, వెన్, ఆల్దో అనే నాలుగింటినే సాధన చేయండి. రోజూ ఐదు తెలుగు వాక్యాలు రాసి, -తే, -నా, -అప్పుడు వంటి ప్రత్యయాల కింద గీత గీసి, వాటికి సరిపోయే ఇంగ్లీషు మాటతో తిరగరాయండి. అన్ని వాక్యాలనూ కలపనక్కరలేదు. ఇంటర్వ్యూకు ఏ రోజు రాగలరో చెప్పే వాక్యం పొట్టిగా ఉండడమే మేలు. కారణమో షరతో చెప్పవలసిన చోట మాత్రమే కలిపి, ఆ రెండు ఈమెయిళ్లనూ మళ్ళీ రాసి నాకు పంపండి.