గూఢచారి – గూఢాచారి – వేగు

సందేహం: ఈమధ్య టీవీలో ‘గూఢచారి’ సినిమా మళ్ళీ చూశాం. మా ఇంట్లో అందరూ దాన్ని ‘గూఢాచారి’ అనే అంటారు. ఏది ఒప్పు? సినిమాలో హీరో గూఢచారి, పేపర్లో పట్టుబడ్డ శత్రుదేశం మనిషీ గూఢచారే. ఒకే మాట ఇద్దరికీ వాడవచ్చా? దీనికి తెలుగు మాట వేరే లేదా?
— ఒక పాఠకుడు

సమాధానం: ‘గూఢచారి’ ఒప్పు. గూఢంగా చరించేవాడు గూఢచారి. మధ్యలో దీర్ఘం పెడితే ‘ఆచారి’ వచ్చి కూర్చుంటాడు. గూఢమైన ఆచరణ గలవాడని లాగి అర్థం చెప్పవచ్చు, వ్యాకరణం పెద్దగా అడ్డు రాదు. కానీ మీ ఇంట్లోవాళ్ళు ఆ అర్థంలో అనడం లేదు కదా! ఆచారి, ఆచార్యులు అనే పేర్లు నోట నానడం వల్ల నాలుక అటు జారుతోంది, అంతే.

దీర్ఘం సంగతి అటుంచండి, ఒత్తు ఎగిరిపోవడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. ఫోన్లో టైపు చేసేవాళ్ళు తీరిగ్గా ‘గూడచారి’ అని రాసేస్తున్నారు. ‘గూఢ’లో ఉన్నది గుహ్ ధాతువు. దాచడం దాని అర్థం. గుహ, గుహ్యం, నిగూఢం అన్నీ దాని పిల్లలే. ‘గూడ’ అంటే పొలానికి నీళ్ళు తోడే బుట్ట. ఒక్క ఒత్తు తీసేస్తే రహస్యం కాస్తా బుట్ట అయింది! 1966లో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ నాటినుంచి, 2018లో శశికిరణ్ తిక్క దర్శకత్వంలో అడివి శేష్ నటించిన ‘గూఢచారి’ దాకా ఈ మాట పోస్టర్ల మీద పెద్ద అక్షరాల్లో కనబడుతూనే ఉంది. అన్నాళ్ళు చూసిన మాటను కూడా సరిగ్గా రాయకపోతే ఎలా?

ఇక మీ మూడో ప్రశ్న. తెలుగు మాట లేకేం, నిక్షేపంలా ఉంది: వేగు. ఆ పని చేసేవాడు వేగులవాడు. ‘వేగరి’ అన్న రూపమూ నిఘంటువుల్లో ఉంది. తమిళులు ‘వేవు’ అంటారు. కన్నడిగులు ‘బేహు’ అంటారు, వాళ్ళ గూఢచారి ‘బేహుగార’. మన మాటల మొదట్లో ఉండే వకారం కన్నడంలో బకారం కావడం మామూలే. మన వేరు వాళ్ళకు బేరు, మన వేట వాళ్ళకు బేటె. వేగు కూడా ఆ కుదురులోదే. ఇన్ని ఇళ్ళలో బతుకుతున్న మాట మనింట్లో మాత్రం చరిత్ర నవలల్లో తలదాచుకుంటోంది. వార్తలు రాసేవాళ్ళు ‘ఇంటెలిజెన్స్ వర్గాలు’, ‘అండర్ కవర్ ఏజెంట్’ అంటారు, సినిమావాళ్ళు ‘స్పై థ్రిల్లర్’ అంటారు. వేగు అన్నవాడు లేడు.

వేగుచుక్కలోని వేగు తెల్లవారడం. మూకుట్లో పోపు వేగడం, ‘వీడితో వేగలేను’ అన్నప్పటి వేగడం వేరు. వడికి చెప్పే వేగం సంస్కృతం. వీటికీ మన వేగుకూ చుట్టరికం కలపకండి.

‘స్పై’ అన్నాను గనక ఒక ముచ్చట చెప్పాలి. వేదంలో వరుణుడి చుట్టూ కూర్చుని ఉండే చారుల పేరు ‘స్పశులు’. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలోనూ చారుడి పేర్ల వరుసలో ఈ మాట ఉంది: ‘యథార్హవర్ణః ప్రణిధిరపసర్పశ్చరః స్పశః, చారశ్చ గూఢపురుషశ్చ’. స్పశ్ అంటే చూడడం, ‘పశ్యతి’ అన్న క్రియ కూడా అక్కడిదే. ఇంగ్లీషు ‘స్పై’ ఏవేవో భాషలు దాటి వచ్చినా దాని మూలమూ చూపు అనే అర్థమున్న అదే ధాతువు. పర్షియన్ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ‘నిఘా’కూ అర్థం చూపే. రాజును ‘చారచక్షువు’ అన్నారు, అంటే చారులే కళ్ళుగా గలవాడని. ఈ సినిమాలో హీరో పనిచేసే సంస్థకు ‘త్రినేత్ర’ అని పేరు పెట్టారు. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, ఆ పేరు నాకు ఎంతో నచ్చింది. ఇన్ని మాటల్లోనూ ఉన్నది కన్ను, చేయి కాదు.

ఆ ‘చారచక్షువు’ను సంస్కృత కవి భారవి ఎక్కడ వాడాడో చూడండి. అతని కావ్యం కిరాతార్జునీయం మొదలయ్యేదే ఒక వేగులవాడితో. దుర్యోధనుడు రాజ్యం ఎలా ఏలుతున్నాడో తెలుసుకు రమ్మని ధర్మరాజు ఒక వనచరుణ్ణి పంపాడు. వాడు బ్రహ్మచారి వేషంలో వెళ్ళి, అన్నీ చూసి, ద్వైతవనానికి తిరిగి వచ్చాడు. తెచ్చిన కబురు ఏమిటి? శత్రువు చెడిపోయాడని కాదు, బ్రహ్మాండంగా ఏలుతున్నాడని. పోగొట్టుకున్న రాజు ఎదుట నిలబడి, గెలుచుకున్నవాడి సమర్థతను వర్ణించాలి. అయినా ‘న వివ్యథే తస్య మనః’, అతని మనసు తొట్రుపడలేదు అంటాడు భారవి. మేలు కోరేవాళ్ళు ఇంపుగా ఉంటుందని అబద్ధం చెప్పరట. అప్పుడు ఆ వనచరుడు అంటాడు: ప్రభువులకు చారులే కళ్ళు, వాళ్ళను కొలువువాళ్ళు మోసగించకూడదు, నేను చెప్పేది మంచిగా ఉన్నా చెడ్డగా ఉన్నా ఓర్చుకో, ‘హితం మనోహారి చ దుర్లభం వచః’. మేలు చేస్తూ మనసుకూ ఇంపుగా ఉండే మాట దొరకదు. ఈ పాదాన్ని ఇవాళ సభల్లో నీతివాక్యంగా ఉటంకిస్తారు. అది ఒక వేగులవాడు ఉద్యోగధర్మంగా పలికిన మాటని ఎంతమందికి గుర్తుంది? అతనికి భారవి పేరైనా పెట్టలేదు. ఇరవై ఆరో శ్లోకానికల్లా సత్కారం అందుకుని వెళ్ళిపోతాడు. అంత చిన్న పాత్రకు అంత పెద్ద మాట ఇచ్చిన కవిని నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

మన కృష్ణదేవరాయలు కూడా ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో, రాజనీతి చెబుతూ చారుడి లక్షణాలు ఏకరువు పెట్టాడు. పలు భాషలు తెలిసి ఉండాలి, ఒంటి మీద ఆనవాలు పట్టే గుర్తులు ఉండకూడదు, ఆశించిన దానికన్నా ఎక్కువ ధనం ఇవ్వాలి. రాజ్యం ఏలినవాడు రాసిన మాటలివి.

మరి తుపాకీ పట్టి, కార్లు దూకించి, పదిమందిని మట్టికరిపించే హీరోను గూఢచారి అనవచ్చా? అర్థశాస్త్రం చూస్తే అతనికి వేరే పేరు ఉంది. కౌటిల్యుడు గూఢపురుషులను రెండు గుంపులు చేశాడు. విద్యార్థిగా, రైతుగా, వర్తకుడిగా, తాపసిగా ఒకచోట పాతుకుపోయి కనిపెట్టేవాళ్ళు ‘సంస్థ’. తిరుగుతూ పనిచేసేవాళ్ళు ‘సంచార’. ఈ తిరిగేవాళ్ళలో ఒక రకం ‘తీక్ష్ణుడు’. ప్రాణం మీద ఆశ వదులుకుని, డబ్బు కోసం ఏనుగుతోనైనా క్రూరమృగంతోనైనా తలపడే శూరుల్లోంచి అతణ్ణి ఎంచుకోవాలన్నాడు. యాక్షన్ థ్రిల్లర్ హీరో అచ్చంగా ఇతనే. అయినా ‘తీక్ష్ణుడు’ అని పేరు పెడితే టికెట్లు తెగుతాయని ఏ నిర్మాతకూ నేను హామీ ఇవ్వలేను. తిరిగేవాళ్ళలో అతనూ ఒకడు గనక ‘చారి’ అన్న మాట అతనికీ చెల్లుతుందనుకోవచ్చు. సినిమా పేరును తప్పుపట్టను.

ఇద్దరికీ ఒకే మాటా అని అడిగారు. మాటలో మంచీ చెడూ లేవు, పంపినవాణ్ణి బట్టి అవి వస్తాయి. ధర్మరాజు పంపితే వనచరుడు ఆప్తుడు. విరాటుడి కొలువులో పాండవులు దాగి ఉన్నప్పుడు వాళ్ళ జాడ కోసం దుర్యోధనుడు పంపినవాళ్ళూ చారులే. వాళ్ళను వేరే మాటతో పిలవలేదు. ‘మనవాడు వేగు, పరాయివాడు గూఢచారి’ అని విడదీస్తే బాగుంటుందని ఒకరిద్దరు అంటుంటారు. దానికి కవిప్రయోగాల ఆధారం ఉందనుకోను. అలా వాడితే తప్పనీ అనను.

‘గూఢచర్యం ఆరోపణపై అరెస్టు’ అన్న వాడుక సరైనదే. సమాచారం తెచ్చే పని వరకూ చెప్పే చోట మాత్రం ‘వేగు’ వాడండి. ‘వేగులవాళ్ళు కబురు తెచ్చారు’ అంటే అర్థం కాని తెలుగువాడు ఉండడు. స్త్రీ అయితే గూఢచారిణి. వేగులవాడికి స్త్రీరూపం కావలసి వస్తే ‘వేగరి’ అనండి, నేర్పరిలాగా ఇద్దరికీ చెల్లుతుందనే నా అభిప్రాయం.