పామాయిల్ డబ్బా మీద డ్యూటీ ఎవరి జేబులోంచి పోతుంది?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా దిగుమతి సుంకాల గురించే ఉన్నాయి. అందుకే ఈ వారం అన్నీ అవే తీసుకున్నా, మిగతా వాళ్ళు ఏమనుకోకండి, మీవి వచ్చే వారం.

ప్రశ్న: అన్నా, నాది దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్. 2024 సెప్టెంబర్‌లో దసరా ముందట పామాయిల్ డబ్బా రేటు ఒక్కసారే పెంచిన్రు. బేగంబజార్ సేటుని అడిగితే డ్యూటీ పెరిగింది నేనేం చేయాలె అన్నడు, కానీ ఆ డబ్బాలు అంతకుముందు నెల నుంచి ఆయన గోడౌన్లనే ఉన్నయ్. మళ్ళ 2025ల డ్యూటీ తగ్గించిన్రు అన్నరు, అప్పుడేమో పెరిగినంత స్పీడ్‌గ తగ్గలే. ఇదేం లెక్క?
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అన్నా, మీ అనుమానం నిజమే, కాకపోతే తప్పంతా సేటుది మాత్రం కాదు. ముందు లెక్క చూద్దాం. 2024 సెప్టెంబర్ 14 నుంచి ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద బేసిక్ డ్యూటీని సున్నా నుంచి 20 శాతం చేశారు, సెస్సులు అన్నీ కలిపితే 5.5 శాతం ఉన్నది 27.5 అయ్యింది. అంటే ఓడ దిగేటప్పుడు 100 రూపాయల నూనె అంతకుముందు 105 రూపాయల 50 పైసలకి పడేది, ఆ రోజు నుంచి 127 రూపాయల 50 పైసలకి పడింది, దాని మీద మళ్ళీ జీఎస్టీ. మనం తినే నూనెలో సగం కంటే ఎక్కువ బయట నుంచే వస్తుంది, పామాయిల్ అయితే ఇండోనేషియా, మలేషియా నుంచి. కాబట్టి రేటు కదలకుండా ఉండే ఛాన్సే లేదు.

కానీ పాత స్టాక్ సంగతి? అది కేంద్రానికీ తెలుసు. పాత డ్యూటీతో వచ్చిన నూనె దాదాపు 30 లక్షల టన్నులు దేశంలో ఉంది, 45 నుంచి 50 రోజులకి సరిపోతుంది, అది అయిపోయేదాకా ఎమ్మార్పీ పెంచొద్దు అని అప్పుడే కంపెనీలకి చెప్పారు కూడా. చెప్పడం వేరు, బజార్ వేరు. వ్యాపారి ఎప్పుడూ తను కొన్న రేటు చూసి అమ్మడు, రేపు ఇదే డబ్బా మళ్ళీ తెచ్చుకోవాలంటే ఎంత పడుతుందో అది చూసి అమ్ముతాడు. పెరిగేటప్పుడు ఈ లెక్క అందరికీ గుర్తుంటుంది, తగ్గేటప్పుడు మాత్రం "పాత రేటుకి కొన్న స్టాక్ ఉంది కదా అన్నా" అంటారు. ఇది మీ సేటు ఒక్కడిదే కాదు, బజార్ మొత్తం అంతే.

2025 మే 30న ముడి నూనె మీద బేసిక్ డ్యూటీ 10 శాతానికి దింపారు, మొత్తం 16.5 అయ్యింది. రిఫైన్డ్ నూనె మీద మాత్రం 35.75 అలాగే ఉంచారు. ఇక్కడ కొంచెం ఆగండి, అసలు మజా ఇక్కడే ఉంది. ముడి నూనెకీ రిఫైన్డ్‌కీ మధ్య తేడా అంతకుముందు 8.25 శాతం ఉండేది, ఒక్క దెబ్బకి 19.25 అయ్యింది. అంటే తయారైన నూనె తెప్పించుకోవడం దండగ, ముడి నూనె తెచ్చి ఇక్కడ రిఫైన్ చేసే ఫ్యాక్టరీలకి పండగ. డ్యూటీ తగ్గింపు అని పేపర్లో చదివి మనం మనకోసమే అనుకుంటాం గానీ అందులో పెద్ద ముక్క వాళ్ళది. పైగా ఈ మధ్యలో ఇండోనేషియా తన పామాయిల్‌ని డీజిల్‌లో 40 శాతం కలపడం మొదలుపెట్టింది, దాంతో ప్రపంచ మార్కెట్‌లోనే టైట్ అయ్యింది. అది మన చేతిలో లేదు.

మరి 2024లో డ్యూటీ అసలు ఎందుకు పెంచారు అంటే, ఆ ఏడాది సోయాబీన్‌కి మద్దతు ధర క్వింటాల్ 4,892 రూపాయలు ఉంటే బజార్లో అంత కూడా రాలేదు. మన ఆదిలాబాద్ సోయా రైతుకైనా, అశ్వారావుపేట, దమ్మపేట ఆయిల్‌పామ్ రైతుకైనా ఆ పెంపు ఊపిరి పోసింది, గెలల ధర ముడి పామాయిల్ రేటుని బట్టే ఫిక్స్ చేస్తారు కాబట్టి. మీ పూరీ మూకుడులో ఖర్చు, వాళ్ళ గెల మీద ఆదాయం, రెండూ ఒకే నోటిఫికేషన్‌లోంచి వచ్చినవే. మీకు కోపం రావడం న్యాయమే, వాళ్ళు సంతోషపడటమూ న్యాయమే.

ఇంక చివరికి ఎవరు కట్టారు అంటే, డ్యూటీ ఎప్పుడూ తప్పించుకోలేని వాడి నెత్తి మీదే కూర్చుంటుంది. మీరు పూరీ ప్లేటు మీద 5 రూపాయలు పెంచితే కస్టమర్ పక్క బండికి పోతాడు, అందుకే మీరు పెంచలేక మీ లాభంలోంచి కట్టారు, కాదంటే పూరీ సైజు కొంచెం తగ్గించి ఉంటారు (నిజం చెప్పండి). పెద్ద బిస్కెట్ కంపెనీలు కూడా అదే చేస్తాయి, 10 రూపాయల ప్యాకెట్ 10 రూపాయలే, లోపల బరువు తగ్గుతుంది.

ప్రశ్న: సార్, మా బావగారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం టారిఫ్ వేసినప్పుడు ఆ పన్ను అమెరికా వాళ్ళే కట్టుకుంటారు మనకేంటి అని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. మరి మా బావకి కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే రేటు) ఎందుకు పడిపోయింది?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ ఆఫీసాయన చెప్పింది కాగితం మీద కరెక్టే. చెక్కు రాసేది అమెరికా దిగుమతిదారుడే. కానీ ఆయన చెక్కు రాసే ముందు విశాఖలో ఎక్స్‌పోర్టర్‌కి ఫోన్ చేస్తాడు, కొంచెం తగ్గించు లేకపోతే ఈక్వెడార్ దేశం నుంచి తెచ్చుకుంటా అని. ఎందుకంటే ఈక్వెడార్ మీద వేసింది 15 శాతం, మన మీద ఆగస్టు 7న 25, రష్యా ఆయిల్ కొంటున్నామని ఆగస్టు 27న ఇంకో 25. యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ తక్కువ రేటుకి తెచ్చి పడేస్తున్నారని వేసే సుంకం) అంతకుముందు నుంచే ఉంది, అది అదనం. ఎక్స్‌పోర్టర్ ఏం చేస్తాడు, ప్రాసెసింగ్ ప్లాంట్లో కూలీలు, కోల్డ్ స్టోరేజ్ ఖర్చులు అలాగే ఉంటాయి కదా, చెరువు గట్టు మీద రేటు తగ్గిస్తాడు. మీ బావగారు రొయ్యని నీళ్ళలో ఎన్నాళ్ళు ఉంచుతారు? మేత ఖర్చు రోజూ ఎక్కుతుంది, తెల్లమచ్చ రోగం వస్తే మొత్తం పోతుంది, ఇచ్చిన రేటుకి పట్టేయాల్సిందే.

అదే మన హైదరాబాద్ మందుల కంపెనీల జెనరిక్ మందుల్ని ఆ టారిఫ్‌లోంచి మినహాయించారు. ప్రేమతో కాదు లెండి, వాళ్ళ మెడికల్ షాపుల్లో జెనరిక్ మందులు పెద్ద వాటా మన దగ్గర నుంచే పోతాయి, రాత్రికి రాత్రి వేరే చోట దొరకవు. రొయ్య దొరుకుతుంది.

ప్రశ్న: 2024 జులైలో మా అమ్మాయి పెళ్ళికి బంగారం కొన్న మూడో రోజే రేటు వేలల్లో పడిపోయింది. ముందే తెలుసుకునే మార్గం లేదా?
- ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: లేదక్కా. మా ఆవిడ కూడా అదే వారం కొంది, ఇప్పటికీ నన్నే అంటుంది. జులై 23 బడ్జెట్‌లో బంగారం డ్యూటీ 15 నుంచి 6 శాతానికి కోశారు. బడ్జెట్ గుట్టు ముందే బయటికి రాదు, వచ్చిందంటే అది నేరం. ఎందుకు కోశారో చెప్తా: కేజీ 70 లక్షలు అనుకోండి, 15 శాతం అంటే పది లక్షలకి పైనే, ఆ పది లక్షల కోసమే శంషాబాద్‌లో బంగారాన్ని పేస్ట్ చేసి ఎక్కడెక్కడో దాచుకుని దిగేవాళ్ళు. డ్యూటీ ఎంత ఎక్కువుంటే దొంగ దారి అంత గిట్టుబాటు. బడ్జెట్ నెల అంటే ఆ ముందు వారం మాత్రం ఆగి కొనుక్కోండి, డ్యూటీ పెరిగితే నన్ను తిట్టొద్దు.

ప్రశ్న: దిగుమతుల మీద గట్టిగా డ్యూటీ వేస్తే ఇక్కడే ఫ్యాక్టరీలు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి. దీన్ని ఎందుకు వ్యతిరేకిస్తారు సార్ ఈ ఎకనామిక్స్ వాళ్ళు?
- ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: తమ్ముడూ, కొన్నిసార్లు వస్తాయి. సెల్‌ఫోన్ల మీద 2018లో డ్యూటీ 20 శాతం చేశారు, తర్వాత ప్రోత్సాహకాలు కూడా ఇచ్చారు, ఇప్పుడు మనం కొనే ఫోన్లలో ఎక్కువ ఇక్కడ బిగించినవే. 2024లో డ్యూటీని 15కి దింపేశారు. కానీ ఖరీదు ఎంత అని కూడా అడగాలి. అదే 2018లో అమెరికా వాషింగ్ మెషిన్ల మీద టారిఫ్ వేసింది. మెషిన్ల రేట్లు దాదాపు 12 శాతం పెరిగాయి, సరే, కానీ పన్నే లేని బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ల రేట్లు కూడా అంతే పెరిగాయి, ఎందుకంటే అక్కడ రెండూ జతగా కొంటారు, కంపెనీలు పెంపుని రెండిటి మీదా సర్దేశాయి. లోకల్ కంపెనీ కూడా తక్కువకి అమ్మలేదు, పోటీ వాడి రేటు పెరిగితే తనదీ పెంచుకుంది. కొత్తగా వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800, జనం ఎక్కువ కట్టిన డబ్బుని లెక్కేస్తే ఒక్కో ఉద్యోగానికి 8 లక్షల డాలర్లకి పైగా పడింది. ఆ డబ్బు ఆ మనిషికే చేతికిస్తే పని మానేసి హాయిగా కూర్చునేవాడు.

ప్రశ్న: కొత్తపేట మార్కెట్లో ఉన్నప్పుడు వాషింగ్టన్ యాపిల్ తెగ అమ్మేవాణ్ణి, మధ్యలో మాయమైంది. ఎందుకు?
- ఒక పండ్ల వ్యాపారి, బాటసింగారం

జవాబు: ఉక్కు మీద కోపం యాపిల్ మీద పడింది. 2018లో అమెరికా మన స్టీల్, అల్యూమినియం మీద సుంకం వేసింది, 2019 జూన్‌లో మనం వాళ్ళ యాపిల్ మీద ఉన్న 50 శాతాన్ని 70 చేశాం. లాభం కశ్మీర్, హిమాచల్ రైతుకే వస్తుందనుకున్నారు, ఖాళీలోకి టర్కీ, ఇరాన్ యాపిల్ కూడా దూరింది. 2023 సెప్టెంబర్‌లో ఆ అదనపు 20 తీసేశారు.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి నాకు ల్యాప్‌టాప్ పంపిస్తానంటున్నాడు. కొరియర్ చేయమనాలా?
- ఒక రిటైర్డ్ మాస్టారు, సికింద్రాబాద్

జవాబు: వద్దు మాస్టారూ, డ్యూటీ పడుతుంది. 18 ఏళ్ళు నిండిన ప్రయాణికుడు తనతో ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. సంక్రాంతికి వస్తాడు కదా, చేత్తో తెమ్మనండి, రెండోది మాత్రం పెట్టెలో పెట్టొద్దని చెప్పండి.