క్రియాన్‌ని విలన్ చేయకు

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. తొమ్మిదో తరగతికి సోఫొక్లీస్ రాసిన ప్రాచీన గ్రీకు నాటకం ‘యాంటిగొని’ చెప్పాలి, రోల్‌ప్లే చేయిద్దామని ఉంది కానీ క్లాసు అల్లరైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది అన్నావు. అల్లరి అవుతుంది. కాస్త అవనివ్వు. నాకు అంతకంటే పెద్ద బెంగ ఇంకొకటుంది. మొదటి పది నిమిషాల్లోనే పిల్లలు, శాసనాన్ని కాదని తోడబుట్టినవాడి శవాన్ని పూడ్చబోయిన యాంటిగొని మంచిది, ఆ శాసనం వేసిన థీబ్స్ రాజు క్రియాన్ దుర్మార్గుడు అని తీర్పిచ్చేశారంటే ఆ తర్వాత నువ్వెంత చెప్పినా దండగే. ఈ నాటకంలో ఇద్దరి దగ్గరా న్యాయం ఉంది. అది పిల్లలకు నోటితో చెబితే ఎక్కదు, ఆ కుర్చీలో కూర్చుంటే ఎక్కుతుంది. రోల్‌ప్లే మనకు అందుకే కావాలి.

దీన్ని వార్షికోత్సవం నాటకంలా తయారుచేయకు. డైలాగులు బట్టీ పట్టించకు, కిరీటాలూ కత్తులూ తెప్పించకు. పాత్రలో ఉన్న పిల్లకి ఆ క్షణానికి ఏం తెలిసి ఉంటుందో అది చెప్పు, ఏం చేయాలో తననే తేల్చుకోనివ్వు. కథ ముందే చెప్పేయాలా అని అడిగావు. చివరికి అంతా విషాదమేనని చెప్పేయ్. క్రీ.పూ. 441 ప్రాంతంలో సోఫొక్లీస్ ఈ నాటకం వేసేనాటికి ఏథెన్స్ జనానికి యాంటిగొని తండ్రి ఈడిపస్ వంశం కథ తెలిసిందే. అయినా వచ్చి చూశారు. ఎవరు ఎలా పోతారు, క్రియాన్ మనసు ఎప్పుడు మారుతుంది అన్నవి మాత్రం దాచిపెట్టు.

నాటకం తెల్లవారకముందు అక్కాచెల్లెళ్లు యాంటిగొని, ఇస్మీన్ రహస్యంగా మాట్లాడుకోవడంతో మొదలవుతుంది. పుస్తకం అలా ఉంది కదా అని నువ్వూ అక్కడ మొదలుపెట్టకు. యాంటిగొనిని ముందు కలిస్తే పిల్లలు ఆమె పక్షాన చేరిపోతారు, తర్వాత క్రియాన్ ఏం మాట్లాడినా వాళ్లకు వినబడదు. ముందు శాసనంతో మొదలుపెట్టు.

క్లాసంతా థీబ్స్ పౌరులు. యాంటిగొని అన్నదమ్ములు ఇటియోక్లీస్, పాలినైసిస్ ఎదురెదురుగా నిలబడిన యుద్ధం ఇప్పుడే ముగిసింది. ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇవ్వు. ‘మీ అన్న కోట ద్వారం దగ్గర కాపలా కాస్తూ రాత్రి చనిపోయాడు.’ ‘ముట్టడి జరిగినన్నాళ్లూ నీ పిల్లలు నిద్రపోలేదు.’ ‘నీ పొలం మీదుగానే శత్రువుల గుర్రాలు పోయాయి.’ ఎవరో ఒకరిద్దరికి మాత్రం ‘పాలినైసిస్ చిన్నప్పుడు నీతో ఆడుకునేవాడు’ అని రాయి. చదువుకుని ఎవరి చీటీ వాళ్ల దగ్గరే ఉంచుకోమను. తర్వాత నువ్వు ఒక కండువా వేసుకుని క్రియాన్‌గా లోపలికి రా. టీచరు పక్కన నిలబడి ఆదేశాలివ్వడం మాని తనూ పాత్రలోకి దిగడం అనే పద్ధతికి ఇంగ్లండ్‌లో డొరొతీ హీత్‌కోట్ అనే డ్రామా టీచరు పేరు తెచ్చింది. మనకు అది ఇక్కడ బాగా పనికొస్తుంది. గొంతు పెంచకు, మీసం మెలేయకు. అలసిపోయిన మనిషిలా, నిదానంగా మాట్లాడు. ‘అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతిలో ఒకరు పోయారు. ఇటియోక్లీస్ మన ఊరి కోసం పోయాడు, అతనికి అన్ని మర్యాదలూ జరుగుతాయి. పాలినైసిస్ పరాయి సైన్యాన్ని వెంటేసుకుని మన ఇళ్లు తగలబెట్టడానికి వచ్చాడు. ఇద్దర్నీ ఒకేలా సాగనంపమంటారా? వాడి శవాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మరణశిక్ష.’

అడిగి చూడు, చాలామంది తలలూపుతారు. కండువా తీసేసి, ఒప్పుకున్నవాళ్లెందరో, కానివాళ్లెందరో బోర్డు మూల రాసిపెట్టు. ఏమీ వ్యాఖ్యానించకు. ఆ అంకెలు చివరిదాకా చెరిపేయకు.

అక్కాచెల్లెళ్ల సన్నివేశాన్ని జంటలుగా, క్లాసంతా ఒకేసారి చేయనివ్వు. ఒకళ్లు యాంటిగొని, ఒకళ్లు ఇస్మీన్. మూడు నిమిషాలయ్యాక పాత్రలు మార్చు, ఇది తప్పనిసరి. ఇస్మీన్ అవ్వాలని ఎవరికీ ఉండదు, పిరికిదనుకుంటారు. తండ్రీ తల్లీ అన్నదమ్ములూ పోయి ఆ ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే, ఇప్పుడు నువ్వూ పోతే నాకెవరున్నారు అనే మాట ఇస్మీన్‌గా నిలబడ్డ పిల్ల నోటి నుంచి తనంతట తానే రావాలి. వచ్చేదాకా ఆగు.

కాపలావాడి పాత్ర క్లాసులో జోకులేసేవాడికి ఇవ్వు. శవం మీద ఎవరో మట్టి చల్లారన్న కబురు ఎవరు చెప్పాలని భటులు చీట్లు వేసుకుంటే తన పేరు వచ్చిందట, దారిలో ఆగి ఆగి వచ్చానని రాజు ముందు నసుగుతాడు. అంత విషాదంలోనూ నవ్వించే పాత్ర అది, నవ్వనివ్వు. అదే మనిషి రెండోసారి యాంటిగొనిని పట్టుకుని వచ్చినప్పుడు తన ప్రాణం దక్కిందని సంతోషిస్తాడు. నవ్విన పిల్లలకే అక్కడ నవ్వు ఆగిపోతుంది.

ఎక్కువ సమయం కేటాయించాల్సింది క్రియాన్‌కీ కొడుకు హేమన్‌కీ మధ్య జరిగే వాదనకి. ఒక పీరియడ్ మొత్తం ఇచ్చినా తప్పులేదు. యాంటిగొని హేమన్‌కి కాబోయే భార్య. పద్నాలుగేళ్ల పిల్లలకు వదిలేస్తే హేమన్ నేరుగా ‘నేను ఆమెను ప్రేమిస్తున్నాను’ అంటాడు, అది సినిమా అయిపోతుంది. మూలంలో హేమన్ తండ్రితో ఆ మాట ఒక్కసారీ అనడు. ‘నాన్నా, నేను మీవాణ్నే’ అని మొదలుపెడతాడు. ఊరి జనం చీకట్లో ఆ అమ్మాయి కోసం బాధపడుతున్నారు, మీ ముందు చెప్పలేకపోతున్నారు అంటాడు. వరదలో వంగిన చెట్టు నిలుస్తుంది, బిగుసుకున్నది వేళ్లతో సహా పోతుంది అంటాడు. అంటే రాజనీతి మాట్లాడుతున్నాడు. కాబట్టి రెండు నియమాలు పెట్టు. ప్రేమ అన్న మాట వాడకూడదు. మొదటి మూడు మాటలూ తండ్రిని గౌరవిస్తూనే ఉండాలి.

క్రియాన్‌ని కుర్చీలో కూర్చోబెట్టు, హేమన్ నిలబడాలి. ఇద్దరి వెనకా ఒక్కొక్కరిని నిలబెట్టి, పైకి అనలేని మాట వాళ్లతో అనిపించు. క్రియాన్ ‘ఈ వయసులో నీ దగ్గర నేను నేర్చుకోవాలా?’ అంటాడు. వెనకున్న పిల్ల ‘ఇప్పుడు అందరి ముందూ తగ్గితే రేపు నా మాట ఎవరు వింటారు?’ అంటుంది. ఆ మాట బయటికొచ్చాక క్లాసు క్రియాన్‌ని ఇంకోలా చూడ్డం మొదలుపెడుతుంది. వేడి పెరిగాక చప్పట్లు కొట్టి ఆపు, ఇద్దర్నీ చోట్లు మార్చుకోమను, ఆపిన చోటు నుంచే కొనసాగించమను. ఇందాకటి హేమనే ఇప్పుడు తండ్రి. అమ్మాయి క్రియాన్ అయినా, అబ్బాయి యాంటిగొని అయినా పర్వాలేదు. ఏథెన్స్‌లో అన్ని పాత్రలూ మగవాళ్లే ముసుగులు పెట్టుకుని వేశారు, అదీ ముగ్గురు నటులే పంచుకుని.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఇంట్లో నాన్నతో మాటల్లేని పిల్లవాడు ఈ సీనులో సొంత గొడవ బయటపెట్టేయొచ్చు. ‘ఆపు’ అంటే ఎవరైనా ఆగిపోవాలన్న నియమం మొదటిరోజే పెట్టు. ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయిన పిల్లలుంటే ముందే పక్కకు పిలిచి అడుగు, వాళ్లు ఏ పాత్ర తీసుకుంటారో వాళ్ల ఇష్టానికి వదిలెయ్. తర్వాత పాత్రలోంచి బయటికి రావడం కూడా నేర్పాలి. కండువా తీసి బల్లమీద పెట్టి, తన పేరు చెప్పి, క్రియాన్‌కీ తనకీ తేడా ఏమిటో ఒక వాక్యంలో చెప్పి వెళ్లి కూర్చోవాలి. పిల్లలు సిగ్గుపడి నవ్వుతారు, అయినా వదలకు.

చావులు మాత్రం నటింపజేయకు. క్రియాన్ బతికుండగానే మూయించిన గుహలో యాంటిగొని ఉరి వేసుకుంటుంది, హేమన్ తన కత్తికే బలవుతాడు, కొడుకు కబురు విన్న క్రియాన్ భార్య యూరిడైసీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయి ప్రాణం తీసుకుంటుంది. సోఫొక్లీస్ వీటిలో ఒక్కటీ ప్రేక్షకుల ముందు జరిపించలేదు, దూతలు వచ్చి చెబుతారు. నువ్వూ దూత మాటల్ని చదివించి ఊరుకో. ఆత్మహత్యలున్న పాఠమని ముందురోజే చెప్పు. ఆమె చావుని వీరత్వంగా పొగిడే చర్చ జరగనివ్వకు. ఆ రోజు మరీ ముభావంగా మారినవాళ్లు కనబడితే బెల్లు కొట్టాక నువ్వే వెళ్లి పలకరించు, అవసరమైతే స్కూల్లో కౌన్సెలర్‌కి చెప్పు.

చాలామంది టీచర్లు దాటేసే చోటు ఒకటుంది. గుడ్డి జోస్యుడు టైరీసియస్ హెచ్చరించి వెళ్లాక క్రియాన్ మొదటిసారి భయపడి, ఏం చేయమంటారని పెద్దలను అడుగుతాడు. ముందు ఆ అమ్మాయిని గుహలోంచి విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అంటారు వాళ్లు. అతను ముందు శవం దగ్గరికి వెళ్తాడు. అంత్యక్రియలన్నీ పూర్తిచేసి గుహ దగ్గరికి వచ్చేసరికి అంతా అయిపోయింది. దూత మాట చదవకముందే అక్కడ ఆపు. పిల్లలను రెండు వరుసల్లో నిలబెట్టు, మధ్యలో క్రియాన్ నడుస్తూ ఉంటే అటువాళ్లు గుహకి వెళ్లమని, ఇటువాళ్లు శవం దగ్గరికి వెళ్లమని కారణాలు చెప్పాలి. దేవతల కోపం ముందు చల్లార్చాలంటారు. బతికున్న మనిషి ముందంటారు. క్రియాన్ చివరికి ఎటు వెళ్లాలో ఆ పిల్లవాడే తేల్చుకోనీ. తర్వాత పుస్తకం తెరవండి. అతను అలా ఎందుకు వెళ్లాడో సోఫొక్లీస్ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ప్రతి రోల్‌ప్లే అయ్యాక మూలంలో ఆ భాగం గట్టిగా చదివించడం మరిచిపోకు. లేకపోతే అది ఉత్త డిబేట్‌గా మిగిలిపోతుంది. తాము అన్న మాటకీ పుస్తకంలో ఉన్న మాటకీ తేడా వాళ్లనే పట్టుకోమను. ‘నేనింత గట్టిగా అనలేదు మేడమ్, ఈమె చెల్లెలితో కూడా ఎంత కటువుగా ఉందో’ అని యాంటిగొని గురించి ఎవరో ఒకరు అంటారు. లోపం ఒక్క క్రియాన్‌లోనే లేదన్న సంగతి వాళ్లకై వాళ్లకు తెలిసే దారి అదే.

మాట్లాడని పిల్లలను కోరస్‌లో, అంటే కలిసికట్టుగా పాడే, మాట్లాడే బృందంలో పెట్టు, అయితే మిగిలినవాళ్లను తోసేసే మూలగా దాన్ని మార్చకు. సోఫొక్లీస్ కోరస్‌లో 15 మంది ఉండేవారు, నాటకం అంతా ఊరి పెద్దలుగా చూస్తూ, ఎటు మొగ్గాలో తేలక ఊగిసలాడుతూ ఉంటారు. ప్రతి సీను తర్వాత కోరస్ పిల్లలు తలో వాక్యం రాసి చదవాలి.

మార్కుల సంగతి అడిగావు కదా. నటనకు ఒక్క మార్కూ వద్దు. అన్నీ అయ్యాక చివరి పీరియడ్‌లో బోర్డు మూల అంకెల దగ్గరికి వెళ్లి, మొదటిరోజు చేతిలో ఉన్న చీటీ మళ్లీ చదువుకోమను. ఆ పౌరుడు ఇప్పుడు క్రియాన్‌కి ఒక పేజీ ఉత్తరం రాయాలి, అందులో నాటకంలోంచి కనీసం రెండు మాటలు ఉదహరించాలి. మార్కులు దానికి వెయ్యి.