ఎఫ్‌ఫ్లష్ చేసినా కరెంటు పోతే ఇండెక్స్ ఫైల్ ఎందుకు పాడవుతోంది?

సీ ప్రోగ్రామ్‌లో ప్రతి రికార్డు చేర్చాక ఎఫ్‌ఫ్లష్ (fflush) పిలుస్తున్నారు, అది సున్నానే, అంటే తప్పేమీ లేదనే ఇస్తోంది, అయినా కరెంటు పోయి వచ్చాక ఇండెక్స్ (ఏ రికార్డు ఎక్కడుందో చెప్పే ఫైల్) చెడిపోతోంది అంటున్నారు. ఎఫ్‌ఫ్లష్ తన పని చేస్తూనే ఉంది, కాకపోతే దాని పని డిస్క్ దాకా పోదు. సీ లైబ్రరీ బఫర్‌లోని బైట్లను కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, అప్పజెప్పి ఊరుకుంటుంది. కెర్నెల్ వాటిని మెమరీలోని పేజ్ క్యాష్‌లో ఉంచుకుని తీరిగ్గా డిస్క్ మీద రాస్తుంది. లైనక్స్ డిఫాల్ట్ సెట్టింగ్‌లో 30 సెకన్ల పైన కూడా అక్కడే ఉండొచ్చు. అందుకే ప్రోగ్రామ్ క్రాష్ అయితే ఏమీ పోదు, కరెంటు పోతే పోతుంది.

డిస్క్ దాకా పోవాలంటే ముందు ఎఫ్‌ఫ్లష్, ఆ వెంటనే ఎఫ్‌సింక్(ఫైల్‌నో(ఎఫ్‌పీ)), అంటే fsync(fileno(fp)). కెర్నెల్ దగ్గరున్నదాన్ని డిస్క్‌కి రాయించేది ఎఫ్‌సింకే. ఈ వరస తప్పకూడదు. విండోస్‌లో ఎఫ్‌సింక్ బదులు _కమిట్ వాడాలి. మ్యాక్‌లో ఎఫ్‌సింక్ డ్రైవ్ సొంత క్యాష్‌ని ఖాళీ చేయించదు, అక్కడ ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్ అడగాలి.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. నేను ఒక మందుల షాపు బిల్లింగ్ ప్రోగ్రామ్ చూసేవాణ్ని, పాత హార్డ్‌డిస్క్ మిషన్. ఐటమ్ ఐటమ్‌కీ ఎఫ్‌సింక్ పెడితే ఎంటర్ కొట్టిన ప్రతిసారీ స్క్రీన్ ఆగేది, కౌంటర్ దగ్గర జనం పెరిగితే షాపాయనకి టెన్షన్. పైగా అంత చేసినా పూర్తి రక్షణ లేదు. ఇండెక్స్‌ని చెట్టులా అమర్చే బీ-ట్రీలో ఒక నోడ్ నిండి రెండుగా చీలితే పాతది, కొత్తది, పేరెంట్ అని కనీసం మూడు పేజీలు మారతాయి. వాటిని ఏ వరసలో రాయాలన్నది కెర్నెల్ ఇష్టం. మధ్యలో కరెంటు పోతే చెట్టు సగం పాతది, సగం కొత్తది.

చివరికి నిలిచిన పద్ధతి ఇది. డేటా ఫైల్‌ని బిల్లుకి ఒకసారి ఎఫ్‌సింక్ చేయడం, ఇండెక్స్‌ని మాత్రం పట్టించుకోకపోవడం. ఇండెక్స్ హెడర్‌లో ఒక బైట్ పెట్టాం. ఫైల్ తెరిచాక మొదటి మార్పుకి ముందే దాన్ని 1 చేసి సింక్. పద్ధతిగా మూసేటప్పుడు పేజీలన్నీ సింక్ చేశాకే 0 చేసి మళ్లీ సింక్. తెరవగానే 1 కనిపిస్తే డేటా నుంచి ఇండెక్స్ తిరిగి కట్టడమే. డేటా భద్రంగా ఉన్నంతకాలం ఇండెక్స్‌ని ఎప్పుడైనా పుట్టించుకోవచ్చు కదా!

ఎఫ్‌సింక్ ఏం తిరిగిచ్చిందో తప్పక చూడండి. ఒకసారి ఫెయిలయ్యాక మళ్లీ పిలిస్తే లైనక్స్ సున్నా ఇవ్వొచ్చు, డేటా మాత్రం డిస్క్‌లో ఉండదు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారుచేసేవాళ్లు తలపట్టుకున్నది దీని దగ్గరే. ఇప్పుడు అందులో ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్‌ని ఆపేసి లాగ్ (మార్పులను ముందే రాసిపెట్టుకునే ఫైల్) నుంచి కోలుకుంటారు.

ఇండెక్స్ తిరిగి కట్టేటప్పుడు పాత ఫైల్ మీదే రాయకండి. వేరే పేరుతో రాసి, సింక్ చేసి, రీనేమ్ చేసి, ఆ డైరెక్టరీని కూడా తెరిచి ఎఫ్‌సింక్ చేయండి.