కొత్త ఇంట్లో హోమ్ థియేటర్: వైరుదా, వైర్‌లెస్‌దా?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాకినాడలో కట్టుకుంటున్న ఇంటి హాల్లో హోమ్ థియేటర్ పెట్టించాలనుకుంటున్నావనీ, షాపులో ఒక వైర్‌లెస్ సెట్టు చూపించి ఇక గోడలకు గాడులు కొట్టే పనే లేదన్నారనీ, ఏది తీసుకోవాలో తేల్చి చెప్పమనీ రాశావు. తేల్చే చెబుతాను. ఇల్లు సొంతం, గోడలకు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. కాబట్టి టీవీ పక్కనుండే మూడు స్పీకర్లకూ, మన పక్కల నుంచి శబ్దం వినిపించే సరౌండ్ స్పీకర్లు రెండింటికీ వైరే వేయించు. లోతైన మోత (బేస్) ఇచ్చే సబ్‌వూఫర్ ఒక్కదానికి కావాలంటే వైర్‌లెస్ పెట్టుకో. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉన్న మీ తమ్ముడు ఇదే అడిగితే మాత్రం, ఖాళీ చేసేటప్పుడు సర్దుకుని పోవడానికి వీలుగా వైర్‌లెస్ సబ్‌వూఫర్, వైర్‌లెస్ వెనక స్పీకర్లు ఉన్న సౌండ్‌బారే (టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు పెట్టె) కొనుక్కోమంటాను.

మొదట వైర్‌లెస్ అన్న మాట దగ్గరే ఆగి చూడాలి. మామూలు స్పీకరుకు సొంతంగా కరెంటు అక్కర్లేదు. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే రెండు పోగుల వైరు చాలు. వైర్‌లెస్ స్పీకరుకు ఆ వైరు పోతుంది గానీ, దానికి విడిగా ఆంప్లిఫయర్ ఉండాలి కాబట్టి 230 వోల్టుల ప్లగ్ పాయింట్ కావాలి. కొన్ని సెట్లలో సోఫా వెనక ఒక చిన్న పెట్టె పెడతారు. టీవీ వైపు నుంచి దాని వరకు సిగ్నల్ గాలిలోనే వస్తుంది, అక్కడి నుంచి రెండు స్పీకర్లకూ మళ్లీ వైర్లే. కాబట్టి షాపులో మొట్టమొదట అడగవలసిన ప్రశ్న, వెనక స్పీకర్లకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది. గాడి కొట్టి ప్లగ్ పాయింట్ వేయించక తప్పనప్పుడు, అంత శ్రమతోనే స్పీకరు వైరూ వేయించవచ్చు.

రెండోది ఆలస్యం. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వెనకబడుతుంది. టీవీ దాన్ని సరిచేయకపోతే పెదవుల కదలిక ఒకచోట, మాట ఇంకొకచోట ఉంటాయి. అయితే న్యాయంగా చెప్పాలంటే, మంచి వైర్‌లెస్ హోమ్ థియేటర్లు వెనక స్పీకర్లకు బ్లూటూత్ వాడవు. వాటికి వేరే రేడియో పద్ధతులుంటాయి. వైసా అనే పద్ధతిలో ఆలస్యం సుమారు 5 మిల్లీసెకన్లే. ఒక మిల్లీసెకనులో శబ్దం గాలిలో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది కాబట్టి, ఆ స్పీకరును అయిదున్నర అడుగులు వెనక్కి జరిపినట్టే లెక్క. దాన్ని సెట్టింగుల్లో సరిచేసుకోవచ్చు. అందువల్ల ఆలస్యం అన్న కారణం మీద మాత్రమే వైర్‌లెస్‌ను కాదనడం సబబు కాదు. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే సెట్లకు పక్కవాళ్ల వై-ఫై రౌటర్లు, వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెన్ అడ్డొచ్చి శబ్దం తెగుతూ ఉండటం మాత్రం అపార్టుమెంట్లలో నిజంగానే ఉన్న ఇబ్బంది.

నేను వైరు వైపు మొగ్గడానికి అసలు కారణం వేరే ఉంది. చాలాకాలం ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ బతికిన వాణ్ణి కాబట్టి, ఏ వస్తువు చూసినా పాడైతే ఏమవుతుందన్న ఆలోచనే నాకు ముందు వస్తుంది. మామూలు స్పీకరులో చెడిపోయేవి తక్కువ. రిసీవర్ (టీవీ శబ్దాన్ని అందుకుని స్పీకర్లన్నింటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) పోతే వేరే కంపెనీది తెచ్చి అవే స్పీకర్లకు తగిలించవచ్చు. వైర్‌లెస్ సెట్టులో ప్రతి స్పీకరులోనూ ఒక ఆంప్లిఫయర్, ఒక పవర్ సప్లయి, ఒక రేడియో బోర్డు ఉంటాయి; పైగా ఒక కంపెనీ వెనక స్పీకర్లు మరొక కంపెనీ సౌండ్‌బార్‌తో సాధారణంగా జతకావు. ప్రధాన యూనిట్ పోయిందంటే, బాగున్న స్పీకర్లు కూడా మూలన పడవలసిందే.

సబ్‌వూఫర్‌కు ఈ వాదన పూర్తిగా వర్తించదు. దానికి ఎలాగూ సొంత ఆంప్లిఫయర్, ప్లగ్ ఉంటాయి. సుమారు 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సరిగా పట్టలేదు కాబట్టి, దాన్ని గదిలో ఎక్కడ బాగా మోగితే అక్కడ పెట్టుకోవచ్చు. ఆ చోటు ఏదన్నది సామాను సర్దిన తరువాత గానీ తెలియదు. అది తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. సబ్‌వూఫర్‌ను నువ్వు కూర్చునే సోఫా మీదే పెట్టి పాట వేసి, గది గోడల వెంట వంగి నడుస్తూ విను. ఎక్కడ మోత బుడబుడమనకుండా నిండుగా వినిపిస్తుందో అక్కడ దాన్ని పెట్టు. అమ్మాయి నవ్వినా ఫరవాలేదు. పొడుగాటి సిగ్నల్ వైరు లేకపోతే, ఎర్తింగ్ తేడాల వల్ల వచ్చే హమ్ శబ్దం బెడద కూడా తగ్గుతుంది.

ఇక గోడల్లో వైర్లు వెళ్లే పైపుల సంగతి. వీటిని వేయించకముందే సోఫా ఎక్కడుంటుందో తేల్చుకో. మన హాళ్లలో సోఫాను వెనక గోడకు ఆనించి వేయడం అలవాటు. అలాంటప్పుడు సరౌండ్ స్పీకర్లను వెనక మూలల్లో సీలింగ్ దగ్గర బిగించడం సరికాదు. 5.1 సెట్టుకు (అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) అవి కూర్చునే వాడి రెండు పక్కలా, టీవీ దిక్కు నుంచి 90 నుంచి 110 డిగ్రీల మధ్య, చెవి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. అంటే పైపు వెళ్లవలసింది పక్క గోడలకు. శ్లాబు ఎలాగూ పోసేశావు కాబట్టి, తరువాత డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) కావాలనిపించినా ఇబ్బంది లేకుండా ఫాల్స్ సీలింగ్‌లోకి రెండు ఖాళీ పైపులు వదిలిపెట్టించు. స్పీకరు వైర్లకు 25 మిల్లీమీటర్ల పైపు సరిపోతుంది. టీవీ వెనక నుంచి రిసీవర్ దగ్గరకు వచ్చేది మాత్రం ఇంకా పెద్దదై ఉండాలి, ఎందుకంటే హెచ్‌డీఎంఐ కేబుల్ తల మామూలు పైపు మలుపుల్లో ఇరుక్కుంటుంది. కరెంటు పైపుకూ ఈ పైపులకూ అడుగు దూరం ఉంచమను. రెండూ ఒకదాన్నొకటి దాటవలసి వస్తే అడ్డంగా దాటాలి గానీ పక్కపక్కన సాగకూడదు. ఒకే పైపులో రెండూ వేస్తానని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోవద్దు.

వైరు రాగిదై ఉండాలి. పది మీటర్ల లోపు 1.5 చదరపు మిల్లీమీటర్లది చాలు. 8 ఓమ్‌ల స్పీకరుకు రానూపోనూ కలిపి దాని నిరోధం పావు ఓమ్ కూడా ఉండదు. అంతకంటే దూరమైతే 2.5 తీసుకో. బజారులో అల్యూమినియం పోగుకు రాగి పూత పూసిన వైరు కూడా అమ్ముతారు. చివర ఒలిచి ఒక పోగును బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా మెరిస్తే అది అసలు రాగి కాదు. తూకం కూడా తేలిగ్గా ఉంటుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి ఒలిచిన చివరలు కొన్నేళ్లకు పచ్చబడతాయి. ప్రతి చివరా ఒక మూర వైరు అదనంగా వదిలితే, పాడైన ముక్క కత్తిరించి మళ్లీ ఒలుచుకోవచ్చు.

కొనేటప్పుడు డబ్బా మీది పీఎంపీఓ వాట్లు చూసి మురిసిపోకు. అది క్షణంపాటు వచ్చే గరిష్ఠ శక్తి లెక్క. నిలకడగా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్నో అడుగు.

ప్లాస్టరింగ్ కాకముందే, పైపు ఎక్కడుందో తెలిసేలా ప్రతి గోడనూ టేపు పట్టి ఫోటో తీసి ఉంచు. రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. వైర్లు లాగిన తరువాత రెండు చివరలకూ పేర్లు రాసిన చీటీలు అంటించి, రిసీవర్ వైపు చివర 1.5 వోల్టుల బ్యాటరీని క్షణంపాటు తాకించు. బ్యాటరీ ప్లస్‌కు తగిలిన పోగే అవతల స్పీకరు ఎర్ర టెర్మినల్‌కు చేరి ఉంటే, వూఫర్ కోన్ బయటికి కదులుతుంది. లోపలికి పోతే అక్కడ పోగులు తారుమారయ్యాయన్నమాట. మార్చి బిగించి, తరువాతి స్పీకరుకు వెళ్లు.

అమ్మనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

ఉంటాను.
మీ మామయ్య