40 అడుగుల రోడ్డులో నడిచేవారి వాటా ఎంత?

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడు కడప నుంచి వచ్చాయి. మూడింటి విషయమూ ఒక్కటే. వాటిలో రెండు ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవి కావడంతో, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: అయ్యా, మాది కడపలో ముప్పై ఏళ్ల కిందట వేసిన కాలనీ. మా ఇళ్ల ముందు రోడ్డు లేఅవుటు కాగితాల్లో 40 అడుగులు. టేపు పెట్టి చూస్తే తారు 22 అడుగులు ఉంది, కాంపౌండు గోడలను ఆనుకుని రెండు వైపులా రెండేసి అడుగుల కాలువలు ఉన్నాయి. రెండు పెద్ద రోడ్లను కలిపే దారి కావడంతో ఆటోలు, స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ ఇటే వస్తున్నాయి. రోడ్డు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది; బడి, గుడి రెండూ పడమటి వైపున ఉన్నాయి. కాలువలు మళ్లీ కడతామని, పనిలో పనిగా ఫుట్‌పాత్ కూడా కావాలో వద్దో కాలనీ వారే తేల్చుకుని చెప్పమని అధికారులు అన్నారు. సగం మంది కావాలంటున్నారు. మిగతావారు ఇంటి ముందు జాగా పోతుందని, వేసినా అది బండ్లు నిలుపుకోవడానికే పనికొస్తుందని అంటున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ బండ్లకు భయపడి సాయంత్రం గుడికి వెళ్లడమే మానుకుంది. మేము ఏమని చెప్పాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి, కడప

జవాబు: వేయించుకోండి. అయితే ముందుగా పడమటి వైపున ఒక్కచోటే, పూర్తి వెడల్పుతో, ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా వేయించుకోండి. ఇలా ఎందుకు అంటున్నామో మీరు పంపిన కొలతలే చెబుతాయి.

40 అడుగుల్లో తారు 22 పోగా మిగిలేది 18, అంటే పక్కకు 9 అడుగులు. అందులో కాలువకు 2 పోతే 7. ఆ ఏడడుగుల్లో ర్యాంపులు, మెట్లు, కరెంటు స్తంభాలు, మోటారు సైకిళ్లు, బట్టలు ఉతికే బండ, ఎవరో ఇల్లు కట్టగా మిగిలిపోయిన కంకర కుప్ప, అన్నీ సర్దుకున్నాయి. నడిచే మనిషి మాత్రం తారు మీదికి దిగాడు. మీ అమ్మగారు భయపడుతున్నది అందుకే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారే.

జాగా పోతుందని అంటున్నవారితో ఓపికగా మాట్లాడవలసి ఉంటుంది. అది రోడ్డు జాగాయే. వారి దస్తావేజుల్లో తూర్పు హద్దుగానో పడమటి హద్దుగానో రాసి ఉన్నది ఆ రోడ్డే. అలాగని వారంతా కావాలని ఆక్రమించుకున్నారనడం కూడా న్యాయం కాదు. పాత పొరను గీకి తీయకుండా దాని మీదే కొత్త పొర వేయడం మన ఊళ్లలో అలవాటైపోయింది. మూడు నాలుగు సార్లు అలా వేసేసరికి రోడ్డు గడప కంటే ఎత్తుకు వస్తుంది, వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయి, ఇంటివారు గడప లేపుకుంటారు, లేపిన గడప నుంచి ర్యాంపు రోడ్డు మీదికి దిగుతుంది. కాబట్టి ఫుట్‌పాత్ అడిగే కాగితంలోనే, ఇక ముందు రోడ్డు వేసేటప్పుడు పాత పొరను తీసి వేయాలని కూడా రాయండి. లేకపోతే నాలుగేళ్లలో మీ కొత్త ఫుట్‌పాత్ కూడా రోడ్డుకు సమానమై, తర్వాత గుంతగా మారుతుంది.

ఇక వెడల్పు సంగతి. నడిచేవారి వసతుల గురించి, రోడ్ల కొలతలు, ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం, నివాస ప్రాంతాల్లో ఏ అడ్డూ లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు 6 అడుగులు ఉండాలి. అంచు రాయి ఎత్తు రోడ్డు మీద నుంచి 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు దాటకూడదు. ఈ రెండో మాటను మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోరు. కాలువ గోడ ఎంత లేస్తే ఫుట్‌పాత్ అంత లేస్తుంది. అడుగున్నర ఎత్తు ఎక్కలేని ముసలివారు, చంకలో బిడ్డ ఉన్న తల్లులు దాని పక్కనే కింద నడుచుకుంటూ పోతారు, ఆ పైన మేకలు పడుకుంటాయి. మీ తొమ్మిది అడుగుల్లో గోడ వైపు 6 అడుగులు నడకకు వస్తాయి. కాలువ ఎలాగూ గోడను ఆనుకునే ఉంది కాబట్టి దాని మూతే నడక దారిలో భాగమవుతుంది. మిగిలిన 3 అడుగులు తారు వైపు పట్టీగా ఉంటాయి. స్తంభాలు, చెట్లు, బోర్డులు అన్నీ ఆ పట్టీలోకే రావాలి.

అసలు చిక్కు గేట్ల దగ్గర ఉంది, చాలా ఊళ్లలో ఫుట్‌పాత్‌లు చెడిపోయేదీ అక్కడే. ప్రతి గేటు ముందూ ఫుట్‌పాత్‌ను కోసి కిందికి దించితే, ఇరవై ఇళ్లు దాటేలోపు మనిషి ఇరవై సార్లు దిగి ఇరవై సార్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారు రెండో గేటు దగ్గరే తారు మీదికి వచ్చేస్తారు. దీనికి మందు ఒకటే: నడక దారి మట్టం మారకూడదు, ఎక్కి దిగవలసింది కారే. తారు వైపున్న ఆ మూడడుగుల పట్టీలో అరడుగు ఎత్తుకు చిన్న వాలు చేస్తే ఏ కారైనా హాయిగా ఎక్కుతుంది. అక్కడి నుంచి ఇంటి లోపలి మట్టం ఇంకా ఎత్తులో ఉంటే, మిగతా ర్యాంపు కాంపౌండు గోడ లోపలే కట్టుకోవాలి. గుత్తేదారుకు ఈ పద్ధతి కొత్తగా అనిపించవచ్చు. అందుకని మొదటి రెండు గేట్ల దగ్గర మీరే నిలబడి చేయించండి. సందులు కలిసే చోట మాత్రం దారి దిగక తప్పదు. అక్కడి వాలు 12 అడుగులకు ఒక అడుగు కంటే నిటారుగా ఉండకూడదు.

కాలువ మూతల గురించి కడపవారికి చెప్పడం సాహసమే. మన నల్ల రాయిని మహారాష్ట్రలో ‘కడప్పా’ అని పిలుచుకుంటూ వంటింటి గట్లకు వేసుకుంటారు. గట్టుకు అది మేలైన రాయే. కాలువ మీద మాత్రం రెండంగుళాల బండ ట్యాంకరు చక్రం పడగానే పగులుతుంది, నున్నగా ఉంటే వానలో జారుతుంది, మే నెలలో గుడికి చెప్పుల్లేకుండా వెళ్లేవారి కాళ్లు కాలుస్తుంది. కమ్మీ వేసి పోసిన కాంక్రీటు మూతలు అడగండి. పూడిక తీయడానికి వాటిలో కొన్నింటికి ఎత్తే కొక్కేలు ఉండాలి; అన్నీ కలిపి పోతపోస్తే, కాలువ నిండిన రోజున ఫుట్‌పాత్‌నే పగలగొడతారు. రోడ్డు మీది నీళ్లు కాలువలోకి పోయేందుకు అంచు రాళ్ల కింద దగ్గర దగ్గరగా దారులు ఉండాలి, ఇళ్ల నుంచి వచ్చే నీళ్లకు వేరే రంధ్రాలు ఉండాలి. 2020 నవంబరులో నివర్ తుఫాను సమయంలో బుగ్గవంక పొంగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో మూత లేని కాలువ ఎక్కడుందో కంటికి కనబడదు. ఫుట్‌పాత్ మాట ఎలా ఉన్నా, రెండు వైపులా మూతలు మాత్రం పట్టుబట్టి వేయించుకోండి.

రెండు వైపులా వేయమని ఎందుకు అనలేదని అడగవచ్చు. పైన చెప్పిన మార్గదర్శకాల ప్రకారం రెండు వైపులా ఉండాలి. కానీ ఉన్న చోటును రెండుగా చీల్చి, ఇటు మూడు అడుగులు అటు మూడు అడుగులు వేయడం మేము చాలా ఊళ్లలో చూశాము. వాటి మీద నడిచేవారిని మాత్రం చూడలేదు. మీ రోడ్డులో కార్లు ఉన్నాయి, వాటిని కాదనలేము. తూర్పు వైపు కాలువ మూత పోగా మిగిలే 7 అడుగుల్లో కారు ఒకటి వరసగా నిలుస్తుంది. బండ్లకు ఒక వైపు చోటు చూపించినప్పుడే, రెండో వైపు ఎక్కవద్దని గట్టిగా చెప్పడానికి వీలవుతుంది. పడమరే ఎందుకంటే బడి, గుడి అటే ఉన్నాయన్నది ఒక కారణం. రెండోది ఎండ. ఉత్తర దక్షిణాలుగా ఉన్న రోడ్డులో మధ్యాహ్నం దాటాక పడమటి వరస ఇళ్ల నీడ ఆ వైపే పడుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చేదీ, పెద్దలు గుడికి బయలుదేరేదీ ఆ వేళకే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో నీడ లేని దారిలో ఎవరూ నడవరు.

మోటారు సైకిళ్లు ఫుట్‌పాత్ ఎక్కకుండా కొసల్లో కమ్మీలు పాతమంటారు. పాతించండి, కానీ చక్రాల కుర్చీ పట్టేలా మధ్యలో కనీసం మూడు అడుగుల సందు వదలాలి.

ఫుట్‌పాత్ వచ్చిందంటే అడ్డు తగిలే మనుషులు తగ్గి, తారు మీద బండ్లు ఇంకా వేగంగా పోయే ప్రమాదం ఉంది. నడిచేవారు, బండ్లు కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదని రోడ్డు భద్రతపై 2020 ఫిబ్రవరిలో జరిగిన అంతర్జాతీయ సదస్సు వెలువరించిన స్టాక్‌హోమ్ ప్రకటన చెబుతోంది. కాబట్టి బడి ముందు రోడ్డు దాటే చోటును ఫుట్‌పాత్ మట్టానికి లేపించుకోండి, మిగతాచోట్ల కొలత ప్రకారం స్పీడు బ్రేకర్లు వేయించుకోండి. కొలత అంటే 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తుకు, గుండ్రంగా లేచి దిగేది. ఎవరి ఇంటి ముందు వారు సిమెంటుతో కట్టుకునే గుట్టలు నడుములు విరగ్గొట్టడానికి తప్ప దేనికీ పనికిరావు.

మీ కాలనీ లోపలి 20 అడుగుల సందులకు ఇవేవీ అక్కరలేదు. అక్కడ బండి మనిషి వెనక నెమ్మదిగా వస్తే చాలు.

సంఘం సమావేశానికి ముందు ఒక పని చేయండి. బడి ఉన్న రోజున ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి, ఎంతమంది నడిచారు, వారిలో ఎంతమంది తారు మీద నడవవలసి వచ్చింది అన్నది లెక్క రాయించండి. ఆ కాగితాన్ని, కొలతల పటాన్ని జతచేసి వార్డు సచివాలయంలో వసతుల కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు. ఆమోదించిన లేఅవుటు పటం నకలును 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ముందే తెప్పించుకుంటే, రోడ్డు వెడల్పు మీద మళ్లీ గొడవ రాదు.

ప్రశ్న: మా వీధిలో ఫుట్‌పాత్ లేదు. కాలేజీకి నడిచి వెళ్లేటప్పుడు ఏ పక్కన నడవడం మంచిది?
– ఇంటర్ విద్యార్థిని, కడప

జవాబు: కుడి పక్కన నడవండి. మన దేశంలో బండ్లు ఎడమ వైపున పోతాయి కాబట్టి, మీ పక్కగా వచ్చే బండి మీకు ఎదురుగా కనబడుతుంది. కుడి వైపుకు తిరిగే మలుపు దగ్గర మాత్రం ఎదుటివారికి మీరు కనబడరు. అక్కడ మలుపుకు ముందే ఎడమకు దాటి, తర్వాత మళ్లీ కుడికి రండి. చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దు.

ప్రశ్న: మా ఇల్లు పడమటి వరసలో ఉంది. గేటు ముందు నేను నాటి పెంచిన వేప చెట్టు ఉంది, ఇంట్లో చోటు లేక కారు బయటే పెడతాము. పక్కనే ఒకామె పదేళ్లుగా తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్ముకుంటోంది. ఫుట్‌పాత్ వస్తే ఈ మూడూ పోతాయి. సంఘం తీర్మానం చేసిందని మేము ఒప్పుకోవలసిందేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: మాస్టారూ, సంఘం తీర్మానానికి చట్టబలం లేదు, నిర్ణయం కార్పొరేషన్‌ది. మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చే హక్కు మీకు ఉంది, ఇవ్వండి కూడా. అయితే అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. కారు నిలుపుకునే హక్కు గురించి అలాంటి మాట ఎక్కడా లేదు. కారు ఎదుటి వరసకు పోవలసిందే. రోజూ రోడ్డు దాటి వెళ్లవలసి వస్తుంది, అంతే.

ఇడ్లీల ఆమె విషయం వేరు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి గుర్తింపు ఇవ్వకుండా, పట్టణ విక్రయ కమిటీ ద్వారా చోటు చూపకుండా ఆమెను తీసివేయడానికి వీల్లేదు. నడక దారి ఆరడుగులనూ వదిలి, తూర్పు వైపు కార్ల వరసలో ఒక కారు చోటును ఆమెకు ఇవ్వమని మీరే సమావేశంలో అడగండి. అక్కడ కొనేవారు నిలబడినా నడిచేవారికి అడ్డం రారు.

వేప చెట్టును కొట్టనివ్వకండి. అది తారు వైపు మూడడుగుల పట్టీలో పడితే చిక్కే లేదు. నడక దారి మధ్యలో పడితే, గోడకూ మానుకూ నడుమ ఎంత చోటు ఉందో కొలవండి. నాలుగడుగులు ఉన్నా ఆ ఒక్కచోట దారిని సన్నం చేసి పోనివ్వవచ్చు. మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు వేయకుండా మట్టిని వదలాలి, లేకపోతే వేరుకు నీరందక మాను ఎండుతుంది, లేదా వేరే పైకి లేచి సిమెంటును పగలగొడుతుంది. కాలువ తవ్వకం మొదలయ్యే రోజున గుత్తేదారు మనుషులు రాకముందే సున్నంతో ఆ గిరి గీసి ఉంచండి, జేసీబీ నడిపే అబ్బాయికి అది కనబడాలి.