స్టోన్‌బ్వాయ్ గురించి, షట్టా వాలేతో గొడవ కాకుండా, తెలుసుకోవలసినది ఏముంది?

జమైకాలో పుట్టిన డాన్స్‌హాల్ అనే సంగీత శైలిలో పాడే ఘానా గాయకుడు స్టోన్‌బ్వాయ్ గురించి వెతికితే, అదే శైలిలో పాడే మరో ఘానా గాయకుడు షట్టా వాలేతో తగాదా తప్ప మరేమీ దొరకడం లేదని, ఆయన జీవితం, సంగీతం తెలిసినవారు చెప్పాలని అడిగారు. నేను కొన్నేళ్ళు ఘానాలోని టెమా రేవు పట్టణంలో ఒక ఉక్కు కర్మాగారంలో పనిచేశాను. మా షిఫ్టులో చాలామంది ఆయన సొంత ఊరైన అషాయిమన్ నుంచి ట్రోట్రో వ్యాన్లలో వచ్చేవారు. ఆయన పాటలు నేను మొదట విన్నది వారి ఫోన్లలోనే.

ఆయన గురించి చెప్పాలంటే ముందుగా ఆ ఊరి గురించి చెప్పాలి. 1962లో పని మొదలుపెట్టిన టెమా రేవును కట్టడానికి దేశం నలుమూలల నుంచి వచ్చిన కూలీలు, ప్రణాళిక ప్రకారం కట్టిన టెమాలో చోటు లేక, పక్కనే అషాయిమన్‌లో స్థిరపడ్డారు. అందువల్ల ఒకే వీధిలో ఎవె, గా, ట్వి, హౌసా భాషలు వినిపిస్తాయి. 1988లో పుట్టిన లివింగ్‌స్టన్ ఎట్సె సటెక్లా, అంటే మన స్టోన్‌బ్వాయ్, మాతృభాష ఎవె. అయినా ఘానా ర్యాపర్ సార్కోడీతో కలిసి పాడి 2013 ప్రాంతంలో దేశమంతటా మారుమోగించిన ‘బాఫిరా’లో ట్వి వినిపిస్తుంది, ‘కమ్ ఫ్రమ్ ఫార్’ పల్లవిలో గా వస్తుంది, వీటన్నిటి మధ్యా జమైకా వాడుకభాష పాట్వా సాగుతూనే ఉంటుంది. దీనిని కొందరు జమైకాకు అనుకరణ అంటారు కానీ, నేను ఒప్పుకోను. మా క్రేన్ ఆపరేటర్ ఒకాయన రాత్రి షిఫ్టు విరామంలో ఒక్కొక్క చరణం ఆపి, ఏ ముక్క ఏ భాషదో, ఏది తమ వీధి మాటో నాకు విడమరచి చెప్పేవాడు. అలా విన్నాక, ఆ లయ జమైకాదే అయినా దాని మీద పలుకుతున్నది అషాయిమన్ అని నాకు నమ్మకం కుదిరింది.

ఆయనకు పేరు ఒక్కసారిగా రాలేదు. టెమాలోని అడోమ్ ఎఫ్ఎం నడిపిన ‘కసహారే లెవెల్’ ర్యాప్ పోటీల్లో రాటుదేలాడు, ఆ తరువాత అప్పటికే పెద్ద గాయకుడైన సామిని ఆయనను చేరదీశాడు. 2012లో తొలి ఆల్బమ్ ‘గ్రేడ్ 1’ వచ్చింది. 2015లో ఘానా సంగీత పురస్కారాల్లో ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎంపిక కావడమే కాక, అమెరికా టీవీ చానెల్ బీఈటీ ఇచ్చే పురస్కారాన్ని ఆఫ్రికా విభాగంలో అందుకున్నాడు. అదే ఏడాది తల్లి మరణించింది. 2017లో వచ్చిన ‘ఎపిసల్స్ ఆఫ్ మామా’ ఆల్బమ్ ఆమెకు నివాళి, నా దృష్టిలో ఆయన మనసు తెలుసుకోవడానికి అదే సరైన ద్వారం.

ఇక గొడవ సంగతి. 2019 మే నెలలో అవే ఘానా సంగీత పురస్కారాల వేదిక మీద స్టోన్‌బ్వాయ్ ఉండగా షట్టా వాలే తన బృందంతో అక్కడికి రావడం, తోపులాట జరగడం, స్టోన్‌బ్వాయ్ పిస్టల్ బయటకు తీయడం, ఇద్దరి మీదా నిషేధం పడడం నిజమే. ఎంత అభిమానం ఉన్నా, నిండు సభలో ఆయుధం తీయడాన్ని నేను సమర్థించలేను. ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, కొంతకాలానికి నిషేధమూ తొలగింది. ఆ ఒక్క రాత్రితోనే ఆయనను కొలవడం మాత్రం అన్యాయం.

అషాయిమన్‌లోని సకసక మైదానంలో ఆయన సొంత ఊరివారి కోసం ఏర్పాటు చేసే ‘అషాయిమన్ టు ది వరల్డ్’ కచేరీకి మా వాళ్ళు నన్నూ తీసుకెళ్ళారు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న మోకాలు వల్ల ఆయన నడకలో కుంటు స్పష్టంగా కనిపిస్తుంది. ఒక కాలి మీద బరువు మోపి నిలబడి, పల్లవి సగంలో మైకు జనం వైపు తిప్పితే, చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర నుంచి బడిపిల్లల వరకు మిగతా సగాన్ని తప్పు లేకుండా పాడారు.

మీరు ‘బాఫిరా’తో మొదలుపెట్టి, 2017 ఆల్బమ్ పూర్తిగా విని, ఆ తరువాత ‘అన్లోగా జంక్షన్’ ఆల్బమ్‌కు, 2023లో అమెరికా రికార్డు కంపెనీ డెఫ్ జామ్ విడుదల చేసిన ‘ఫిఫ్త్ డైమెన్షన్’కు రండి. ఈ చివరి దానిలో డాన్స్‌హాల్ పాలు తగ్గి, పశ్చిమ ఆఫ్రికా పాప్ సంగీతమైన ఆఫ్రోబీట్స్ పాలు పెరిగింది, పాత అభిమానులకు అది అంతగా రుచించలేదు. అయినా 2024లో మేటి కళాకారుడి పురస్కారం రెండోసారి ఆయననే వరించింది.